ర్యాకులో ఒంటరోడు

మా ల్యాబులో ప్రతి ప్రయోగానికీ ఒక ట్యూబు ఎక్కువ పెడతాం. మిగతా ట్యూబులకు జరిగేదంతా దానికీ జరుగుతుంది. అదే రక్తం, అదే నీళ్లు, అదే ఇంక్యుబేటర్, అన్నే గంటలు. ఒక్క తేడా ఏమిటంటే, చక్కెరను కోసే ఎంజైము అందులో వేయం. పుస్తకాల్లో దాన్ని కంట్రోల్ అంటారు. మా దగ్గర దాని పేరు ఒంటరోడు.

ఆ పేరు పెట్టింది మాస్ స్పెక్ట్రోమీటర్ నడిపే ఆయన. గదిలో సగం ఆక్రమించి రాత్రీ పగలూ గుర్రుమనే ఆ యంత్రాన్ని ఆయన ఏనాడూ పూర్తి పేరుతో పిలవలేదు. అణువుల బరువు తూచేది కాబట్టి త్రాసు అంటాడు. అందుకని మేం ఆయన్ని త్రాసాయన అంటాం. నేను నమూనాలు తయారుచేసి పంపిస్తే ఆయన తూస్తాడు. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఇదే వ్యాపారం. నడవా అవతలి చివర నుంచి రోజూ ఒక కేక వినపడేది: "గురూ, ఒంటరోడు బయల్దేరాడా?"

మా ఆవిడ పోయాక ఆ మాట ల్యాబులో వినపడడం మానేసింది. ఎవరూ కూర్చుని తీర్మానం చేసుకోలేదు. సెలవు ముగించుకుని నేను తిరిగి వెళ్లిన రోజు త్రాసాయన అలవాటు కొద్దీ గుమ్మంలోకి వచ్చి, "ఒం..." అని, దగ్గు తెచ్చుకుని, "ఆ ఇంకోటి తయారైందా?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి పిపెట్ తుడుచుకున్నాను. ఆ దగ్గు నాకు బాగా నచ్చింది. ఓదార్పు మాటలు అప్పటికే చాలా విని ఉన్నాను. ఆ దగ్గులో ఉన్నంత ఆప్యాయత వాటిలో లేదు.

మా పని గురించి కొంచెం చెప్పాలి. రక్తంలోని ప్రోటీన్లకు అక్కడక్కడా చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఏ చోట వేలాడుతున్నాయో కనిపెట్టడం మా పని. ముందు ఒక ఎంజైముతో ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలు చేస్తాం. చక్కెర ఉన్న ముక్కల్ని వేరు చేస్తాం. తర్వాత రెండో ఎంజైముతో ఆ చక్కెరను కోసేస్తాం. కోసిన చోట ఒక గుర్తు మిగులుతుంది. ఆ చోటు తన అసలు బరువు కంటే ఒక హైడ్రోజన్ పరమాణువంత ఎక్కువ తూగుతుంది. తీసేస్తే బరువెక్కడమేమిటని కొత్తగా చేరినవాళ్లంతా అడుగుతారు. చేరిన కొత్తలో నేనూ అడిగాను. జవాబు రసాయనశాస్త్రంలో ఉంది, కష్టమైనదేమీ కాదు. అయినా చాలా రోజులు వింతగానే ఉండేది.

చిక్కు ఎక్కడంటే, ఆ ఒక్క బరువు చక్కెర లేకపోయినా రాగలదు. ముక్కల్ని ఎక్కువసేపు వెచ్చగా ఉంచితే కొన్ని చోట్లు వాటంతట అవే మారి ఒకటి ఎక్కువ తూగుతాయి. చూడడానికి రెండు గుర్తులూ ఒకలాగే ఉంటాయి. ఒంటరోడు ఉన్నది అందుకే. వాడిలోనూ ఆ గుర్తు కనిపిస్తే అది చక్కెర వదిలివెళ్లింది కాదని అర్థం.

ఇక రాకెట్ సంగతి. మా ల్యాబులో ఐదో ఏడు రీసెర్చ్ చేస్తున్న అమ్మాయికి ఆ పేరు నడక వల్ల వచ్చింది. నడవాలో ఎదురైతే మనమే గోడకు అతుక్కోవాలి. నన్ను బాబాయ్ అంటుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఒక ప్రోటీన్ మీద ఆమె పని. దానికి నాలుగు చోట్ల చక్కెర ఉంటుందని లోకానికి ముందే తెలుసు. రాకెట్ ఐదో చోటు కనిపెట్టింది. దాని మీద రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక తీసుకుంది, అచ్చు కావడమే తరువాయి. థీసిస్‌లో ఆఖరి అధ్యాయమంతా ఆ ఐదో చోటే. నెలాఖరు లోపు థీసిస్ ఇస్తే ఇంకో సంస్థలో ఆమెకు సీటు ఖాయం. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆ రోజు పొద్దున లాప్‌టాప్ చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రయోగ పద్ధతి రాసే భాగంలో గంటలు సరిగ్గా వేయాలట. నా పుస్తకం కావాలంది.

నా పుస్తకం అంటే అట్ట ఉన్న పొడుగాటి నోటు పుస్తకం. అందరూ కంప్యూటర్లో రాసుకుంటారు, నాకది అబ్బలేదు. తేదీ వెతికి చదివాను. మొదటి ఎంజైము కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టింది శుక్రవారం సాయంత్రం నాలుగు. బయటికి తీసింది సోమవారం పొద్దున తొమ్మిదిన్నర.

టకటకమంటున్న మీటలు ఆగిపోయాయి.

"శుక్రవారం నుంచి సోమవారం దాకానా బాబాయ్?"

అవునన్నాను. ముందు ఇలా ఉండేది కాదు. పద్ధతి ప్రకారం పదహారు గంటలు. శనివారం సెలవైనా, ఎనిమిదింటికి వచ్చి ట్యూబులు తీసి ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లిపోయేవాణ్ని. మా ఆవిడ మంచాన పడ్డాక ల్యాబు పెద్ద మేడమ్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, శనివారాలు రావద్దని, ఆ పూట ఆవిడ దగ్గర ఉండమని, ట్యూబులు సోమవారం తీస్తే కొంపలేమీ మునగవని చెప్పారు. ఆ శనివారాలు ఎంత విలువైనవో నాకు తెలుసు. కిటికీ పక్కకు మంచం జరిపి, తల దువ్వి, పేపరు చదివి వినిపించిన పొద్దుటి పూటలవి. ఆవిడ పోయాక మళ్లీ శనివారం రమ్మని నాకెవరూ చెప్పలేదు. నేనూ వెళ్లలేదు.

రాకెట్ వేళ్ల మీద లెక్కపెట్టింది. అరవై ఐదున్నర గంటలు.

"మరి కంట్రోల్?" అన్నాను నేను. "దాన్ని కూడా శుక్రవారమే పెట్టావుగా?"

నేను పేజీలు వెనక్కి తిప్పాను. రెండేళ్లుగా ఆమె ప్రయోగాల్లో ఎక్కడా ఒంటరోడు నా చేతిరాతలో లేడు. కంట్రోల్ సంగతి తను చూసుకుంటానని, నాకు పని తగ్గుతుందని అప్పట్లో ఆమే అంది. సరేలెమ్మన్నాను. నేను పెట్టిన వేళకే తనదీ పెడుతోందనుకున్నాను. ఆమేమో నేను పదహారు గంటలకే తీసేస్తున్నాననుకుని, తన ట్యూబును సోమవారం సాయంత్రం పెట్టి మంగళవారం పొద్దున తీసేది. నా ట్యూబులు మూడు రాత్రులు వెచ్చగా పడున్నాయి. ఒంటరోడు ఒక్క రాత్రే ఉన్నాడు.

ఐదో చోటు పక్కన ఉన్నది గ్లైసిన్. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. దాని పక్కనున్న చోటు వెచ్చదనానికి అన్నిటికంటే ముందు మారిపోతుందని ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. రాకెట్‌కూ తెలుసు. కంట్రోల్‌లో కొంచెం కనపడితే ఆ మాత్రం ఎప్పుడూ ఉండేదేనని వదిలేసిందట. అసలు ట్యూబులో దానికి ఎన్నో రెట్లుంది మరి.

"నువ్వే ఎందుకు పెట్టుకున్నావమ్మా? నాకు పని ఎక్కువైందని నేనెప్పుడైనా అన్నానా?"

ఆమె నా వైపు చూడకుండా, బల్ల మీద ర్యాకును అటూ ఇటూ జరుపుతూ చెప్పింది. "మీరు తిరిగొచ్చిన వారం మూత మీద ఒంటరి అని రాయబోయి ఆగిపోయారు బాబాయ్. పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. నేను తలుపు దగ్గర ఉన్నా. ఇంక ఆ ట్యూబు మీ చేతికి రాకూడదనుకున్నా."

ఆ రోజు నేను నిజంగానే ఆగానో, పెన్నులో సిరా ఆరిపోయిందో నాకు గుర్తు లేదు. రెండూ అయ్యుండొచ్చు.

నేను పుస్తకం మూశాను. తర్వాత ఆమె చాలా మెల్లగా, పత్రికవాళ్లు గంటలు అడగలేదని, చాలామంది తమ వ్యాసాల్లో రాత్రంతా అని రాసి ఊరుకుంటారని అంది. ఇంకేదో అనబోయి ఆపేసి, లాప్‌టాప్ మూసి వెళ్లిపోయింది. ఆ పిల్ల అంత నెమ్మదిగా నడవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఇంటికి వెళ్లేసరికి మా అక్కయ్య బల్ల మీద బీన్స్ తరుగుతోంది. మా ఆవిడ పోయినప్పుడు రెండు వారాలు ఉండి వెళ్తానని వచ్చిన మనిషి, రెండేళ్లయినా ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదంటుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను చేసే పనికి ఆమె పెట్టిన పేరు గొట్టాల కాపలా. ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. అక్కయ్యకు ప్రోటీన్లు అక్కర్లేదు. మనుషులు అర్థమైతే చాలు.

"అయితే ఆ పిల్ల అబద్ధం రాస్తుందంటావా?"

"రాయదనుకుంటున్నా."

"మరి ఆ పుస్తకం ఇంటికెందుకు మోసుకొచ్చావు?"

అప్పుడు చూసుకున్నాను. సంచిలోంచి పుస్తకం అట్ట బయటికి కనిపిస్తోంది. ఇరవై రెండేళ్లలో నా పుస్తకం ఒక్కటీ ల్యాబు దాటి బయటికి రాలేదు. ఎప్పుడు సంచిలో పెట్టానో నాకే తెలియదు.

"చదువుకుందామని," అన్నాను.

"నీ రాత నువ్వు చదువుకోవడానికా. డాక్టరు రాతైనా కొంచెం నయం." ఆమె కత్తి ఆపలేదు. "ఒరేయ్, ఆ పుస్తకం కనబడకపోతే ఆ పిల్లకు మేలు చేసినట్టు అనుకుంటున్నావు నువ్వు. రేపు ఇంకెక్కడో ఎవడో అదే పని సరిగ్గా చేసి, లేదని తేలుస్తాడు. అప్పుడు దాని పక్కన నువ్వుంటావా?"

తరిగిన ముక్కల్ని ఒక గిన్నెలోకి తోస్తూ కూర్చున్నాను. ఎదురుగా గోడ అలమరలో ఖాళీగా ఉన్న అర కనిపించింది. మా ఆవిడ టీ తాగే నీలం అంచు కప్పు ఉండే చోటది. అక్కయ్య వచ్చిన వారానికే అక్కడి నుంచి మాయమైంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"అక్కయ్యా, ఆ నీలం కప్పు ఎక్కడుంది?"

ఆమె తల ఎత్తలేదు. "పై అరలో, స్టీలు డబ్బాలో. పాత తువ్వాల్లో చుట్టి పెట్టా. కనబడితే బాధపడతావని దాచా. దాచాక, అడిగితే బావుండుననుకున్నా. రెండేళ్లు పట్టింది నీకు."

మర్నాడు పొద్దున టీ ఆ కప్పులోనే ఇచ్చింది. పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడిన సంగతి నేను మరిచిపోయాను. వేలికి తగిలింది.

పుస్తకం తీసుకుని ఎనిమిదిన్నరకే మేడమ్ గదికి వెళ్లాను. గుమ్మం దగ్గరే ఆగాల్సి వచ్చింది. లోపల రాకెట్ అప్పటికే నిలబడి ఉంది. చెప్పాల్సింది చెప్పేసినట్టు ఆమె భుజాలు చూస్తేనే తెలిసింది. నన్ను చూసి కంగారుపడి, బాబాయ్ తప్పేం లేదు మేడమ్, కంట్రోల్ బాధ్యత నాదే అంది. నేను నా పుస్తకం బల్ల మీద పెట్టి, శనివారాలు ఎగ్గొట్టింది నేనని చెప్పాను. మేడమ్ కళ్లజోడు తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఎగ్గొట్టమన్నది నేను," అన్నారు. "ముగ్గురం పోటీపడడం ఆపేస్తే పని చూద్దాం. ఆ నమూనా ఇంకా మిగిలి ఉందా?"

ఉంది. మూడు రాత్రులు వెచ్చగా ఉన్న ఆ ముక్కలే, చక్కెర కోయకముందు తీసిపెట్టినవి, ఫ్రీజర్‌లో కొంచెం ఉన్నాయి. మేడమ్ అలమర తెరిచి సీలు వేసిన చిన్న గాజు సీసా ఒకటి తీశారు. అందులో ఉన్నవి నీళ్లే, కానీ వాటిలోని ఆక్సిజన్ మామూలు దానికంటే రెండు హైడ్రోజన్ పరమాణువులంత ఎక్కువ బరువు. ఆ నీళ్లలో చక్కెరను కోస్తే, కోసిన చోట ఒకటికి బదులు మూడు బరువు పెరుగుతుంది. అంతకుముందే, మామూలు నీళ్లలో ఉన్నప్పుడు తనంతట తాను మారిపోయిన చోటైతే ఒకటి దగ్గరే ఉండిపోతుంది. ఐదో చోటు మూడు తూగితే రాకెట్ గెలిచినట్టు. ఒకటి తూగితే లేదు.

మేడమ్ సీసా నా చేతికిస్తూ, "అయినా సరే, ఒంటరోడు లేకుండా మాత్రం త్రాసు దగ్గరికి పంపకండి అన్నగారూ," అన్నారు. అనేశాక ఆమె చెయ్యి సీసా మీద అలాగే ఉండిపోయింది. రాకెట్ నేల వైపు చూసింది.

"నేనే పెడతాను మేడమ్," అన్నాను. "ఇద్దరినీ ఒకేసారి పెడతాను."

ఉన్న నమూనాను సరిగ్గా రెండు సగాలు చేశాను. రెండింటినీ ఆరబెట్టి, రెండింట్లోనూ ఆ బరువు నీళ్లే పోశాను. ఒకదానిలో ఎంజైము వేశాను. రెండోదాని మూత మీద ఒంటరి అని రాశాను. పెన్ను ఆగలేదు. రెండూ ఒకే ర్యాకులో, ఒకే నిమిషంలో లోపలికి వెళ్లాయి. రెండు గంటలు. రాకెట్ స్టూలు దిగలేదు. టీకి రమ్మంటే తల ఊపింది, కదల్లేదు. నేను మధ్య మధ్య ఇంక్యుబేటర్ మీది అంకె చూశాను. ముప్పై ఏడు. ఎప్పుడు చూసినా ముప్పై ఏడే. తలుపు సరిగ్గా పడక ఎప్పుడూ అరడిగ్రీ అటూ ఇటూ అయ్యే పాత పెట్టె ఆ పూట మాత్రం మాట నిలబెట్టుకుంది.

మధ్యాహ్నం ట్యూబులు పట్టుకుని యంత్రం గదికి వెళ్లాం. అక్కడ ఎప్పుడూ చలిగా ఉంటుంది, త్రాసాయన ఏడాది పొడుగునా స్వెటర్ వేసుకుంటాడు. ర్యాకు అందుకుని మూతలు చదివాడు. రెండో మూత దగ్గర ఆగి నా మొహం చూశాడు.

"వచ్చాడా గురూ?"

"వచ్చాడు. కూర్చోబెట్టు."

ఆయన ముక్కు తుడుచుకుని, చలి ఎక్కువగా ఉందని సణుగుతూ ట్యూబుల్ని లోపల పెట్టాడు.

తెర మీద గీతలు లేవడానికి గంట పైన పట్టింది. లేచిన ప్రతి గీతకూ దాని బరువు ఉంటుంది. త్రాసాయన ఒక్కో చోటూ చదువుతుంటే రాకెట్ కాగితం మీద రాసుకుంది. మొదటి చోటు, ఎంజైము వేసిన దాంట్లో మూడు, ఒంటరోడిలో ఏమీ లేదు. రెండోది మూడు. మూడోది మూడు. నాలుగోది మూడు. నాలుగింటిలోనూ ఒంటరోడు శుభ్రంగా ఉన్నాడు. యంత్రం, నీళ్లు, నా చేతులు అన్నీ సవ్యంగానే పనిచేస్తున్నాయని అర్థమైంది. అది తెలిశాక ఇంక తప్పించుకోవడానికి దారి లేదని కూడా అర్థమైంది.

ఐదో చోటు తెర మీదికి వచ్చింది. త్రాసాయన వెంటనే చదవలేదు. గీతను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు, ఒంటరోడి గీతను తెచ్చి దాని కింద పెట్టాడు. రెండూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

"ఒకటి," అన్నాడు. "రెండింట్లోనూ ఒకటే. మూడు దగ్గర ఏం లేదు. ఈ త్రాసుకి మొహమాటం తెలీదమ్మా, ఏమనుకోకు."

రాకెట్ చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మీద ఐదు ఎదురుగా ఒకటి అని వేసి, దాని చుట్టూ గీత గీసింది. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద ప్రింటు తీసివ్వమంది. త్రాసాయన తన స్వెటర్ విప్పి ఆమె భుజాల మీద వేశాడు. ప్రింటు వచ్చేదాకా తను చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

పత్రికకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఆ సాయంత్రమే ఆమె రాసింది. కారణం రెండు వాక్యాల్లో ఉంది, ఎవరి పేరూ లేదు. ఇంకో సంస్థవాళ్లకు మేడమ్ స్వయంగా ఉత్తరం రాశారు. నాలుగు రోజులకు జవాబొచ్చింది. నెలాఖరు దాటితే ఆ సీటు ఆగదట. మూడు నెలల తర్వాత మరొకటి ఖాళీ అవుతుందని, అప్పుడు మళ్లీ రాయమని అన్నారు. రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఉత్తరం చదివి రాకెట్ చేతులు కడుక్కునే తొట్టి దగ్గర కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది. నేను పక్కకు వెళ్లి కడగాల్సిన పని లేని గాజు సామాను కడిగాను.

థీసిస్ ఆఖరి అధ్యాయం ఇప్పుడు మళ్లీ రాస్తోంది. ఐదో చోటు అందులో ఉంది. ఎన్ని గంటలు వెచ్చగా ఉంచితే అది ఎంత మారుతుందో, చక్కెర వదిలిన గుర్తేనని ఎలా నమ్మించగలదో, గంట గంటకూ కొలిచి పెడుతోంది. ఆ కొలతలకు ట్యూబులు కావాలి. అందుకని నేను మళ్లీ శనివారాలు వెళ్తున్నాను. ఎనిమిదింటికి తలుపు తీసేసరికి చాలాసార్లు ఆమె నాకంటే ముందే ఉంటుంది. ఇంటి దగ్గర అక్కయ్య, శనివారం కూడా గొట్టాల కాపలాయేనా అని విసుక్కుంటూనే, ఇద్దరికి సరిపడా బ్రెడ్డు ముక్కలు కాల్చి కట్టిస్తోంది.

మొన్న శుక్రవారం సాయంత్రం ర్యాకు నింపుతున్నాం. ఆఖరి ట్యూబు మిగిలింది. రాకెట్ పెన్ను తీసి, నేను రాయనా, మీరు రాస్తారా అని అడిగింది. నువ్వే రాయమన్నాను. మూత చిన్నది కాబట్టి నాలిక చివర పళ్ల మధ్య పెట్టుకుని, గుండ్రంగా రాసింది. రాసి, ట్యూబును తీసుకెళ్లి ర్యాకు మధ్యలో, అటు మూడు ఇటు మూడు ట్యూబుల నడుమ పెట్టింది.

ఇన్నేళ్లూ వాణ్ని ర్యాకు చివర, విడిగా ఒక గుంట వదిలి పెట్టేవాళ్లం. ఆ మాటే అన్నాను.

"చివర తలుపు పక్కన వేడి తగ్గుతుంది బాబాయ్," అంది. "మధ్యలో అయితే అందరికీ ఎంతో వాడికీ అంతే."

ఇంక్యుబేటర్ తలుపు మూసి, అది సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి నొక్కాను. నా పుస్తకం తెరిచి టైము వేశాను. నాలుగు గంటల రెండు నిమిషాలు. ఏడు ట్యూబులు.